మా రోజుల్లో విమానం కనబడేది

ఇప్పుడు విమానం దిగి వచ్చినవాణ్ణి ‘ఏ విమానంలో వచ్చావు నాయనా’ అని అడిగి చూడండి. కంపెనీ పేరు చెప్తాడు. లేదంటే ‘పొద్దున ఆరుంబావు ఫ్లైటు’ అంటాడు. అది బోయింగో ఎయిర్‌బస్సో తెలియదు. ఇంజన్లు ఎక్కడున్నాయో చూడలేదు. మా రోజుల్లో జన్మలో విమానం ఎక్కనివాడు కూడా చెప్పేవాడు. బేగంపేటలో రిక్షా తొక్కే మనిషి ఒక్కసారి తలెత్తి చూసి ‘ఆవ్రో’ అనేవాడు. ఆవ్రోకీ, ఫాకర్ ఫ్రెండ్‌షిప్‌కీ ఒకే రకం రోల్స్‌రాయిస్ డార్ట్ ఇంజన్లు, ఒకటే ఈల. చెవితో పోల్చడం కష్టం. అందుకని రెక్క చూసేవాళ్లం. రెక్క పొట్ట కిందుంటే ఆవ్రో, వీపు మీదుంటే ఫాకర్. ఈ లెక్క మాకు ఎవరూ బడిలో నేర్పలేదు. విమానం కళ్లెదుట ఉండేది కాబట్టి వచ్చేసింది.

నేను నాదర్‌గుల్‌లో ఉంటాను. రిటైరయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇల్లు వదిలి ఇక్కడ ఇల్లు కట్టుకుంటానంటే చుట్టాలందరూ వద్దన్నారు. అప్పటికి ఎల్బీనగర్ దాటితే చీకటే. నేను వచ్చింది ఇక్కడున్న చిన్న రన్‌వే కోసం. శిక్షణ విమానాలు గుండ్రంగా తిరుగుతూ దిగడం, లేవడం మేడ మీద నుంచి చూడొచ్చు. పడమటి గాలి ఉన్న రోజుల్లో, శంషాబాద్‌లో దిగే పెద్ద విమానాలు మాకు దక్షిణంగా, ఆదిబట్ల వైపు నుంచి వరసగా కిందికి జారుతూ కనబడతాయి. రోజూ చూస్తున్నవాణ్ణి కాబట్టే ఈ మాట అంటున్నాను. టికెట్టు మనకు దగ్గరైంది, విమానం దూరమైంది. అందులోనూ మధ్యలో ఒకచోట దిగి ఇంకో విమానం ఎక్కాల్సిన ప్రయాణమైతే, ఆ దిగిన చోట మనం ఎవరికీ చెందం.

ఈ కనెక్షన్ అనేది కొత్తగా పుట్టిందేమీ కాదు. మా నాన్న పోస్టల్ శాఖలో పనిచేసేవాడు. నాగపూర్ రాత్రి విమానాల గురించి ఆయన చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాణ్ణి. 1949లో, రఫీ అహ్మద్ కిద్వాయ్ కేంద్రంలో మంత్రిగా ఉండగా ఆ ఏర్పాటు మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి రాత్రిపూట ఒక్కో విమానం బయల్దేరి, దేశానికి నడిబొడ్డున ఉన్న నాగపూర్‌లో కలుసుకునేవి. ఉత్తరాల సంచులు ఒక విమానంలోంచి ఇంకో విమానంలోకి మారేవి. ప్రయాణికులూ అలాగే మారేవారు. ఆ పని పూర్తయ్యాక ఎక్కడి విమానం అక్కడికి తిరిగి లేచేది. సాయంత్రం మద్రాసులో వేసిన ఉత్తరం తెల్లారేసరికి ఢిల్లీ చేరేది. అమెరికాలో ఫెడెక్స్ కంపెనీ మెంఫిస్ ఊరిని కేంద్రంగా పెట్టుకుని ఇదే పద్ధతి మొదలుపెట్టింది 1973లో. మనవాళ్లు దానికి ఇరవై నాలుగేళ్లు ముందున్నారు.

ఆ ఏర్పాటులో ఉన్న కీలకం ఒక్కటే. ఒకదాని కోసం ఒకటి ఆగడం. కలకత్తా విమానం రాకుండా మద్రాసు విమానం లేచిపోతే ఇక నాగపూర్‌లో కలుసుకోవడం ఎందుకు? మారుమూల డిపోలో ఆఖరి బస్సు కండక్టర్ కూడా ‘పట్నం బస్సు వచ్చిందా’ అని కనుక్కుని గాని రైట్ చెప్పడు. ఆ మాత్రం ధర్మం ఆ రోజుల్లో ఆకాశంలోనూ ఉండేది.

మన హైదరాబాద్‌కైతే ఈ సంగతుల్లో పెద్ద చరిత్రే ఉంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట నుంచి డకోటాలు తిరిగేవి. ఆడపిల్లకు విమానం ఇవ్వడమేమిటని కంపెనీ తర్వాత కంపెనీ తిప్పి పంపిన ప్రేమ్ మాథుర్‌కు 1947లో పైలట్ ఉద్యోగమిచ్చింది మన డెక్కన్ ఎయిర్‌వేసే. 1953 ఆగస్టు 1న ఇలాంటి కంపెనీలన్నీ జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. డకోటాకు తోక చక్రం ఉండేది. నేల మీద నిలబడితే ముక్కు పైకి, తోక కిందికి. వెనక తలుపులోంచి ఎక్కి సీటు దాకా మెట్టెక్కినట్టు నడవాలి. ఏ విమానం ఎక్కామో కాళ్లకు కూడా తెలిసేది.

ఇక టికెట్టు. సైఫాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఆఫీసుకు వెళ్లి కూర్చుంటే గుమస్తా ఎదురుగా రాసిచ్చేవాడు. అది కాగితం కాదు, చిన్న పుస్తకం. ప్రతి ఆకు వెనకా ఎర్రటి కార్బన్ పూత. హైదరాబాద్ నుంచి మద్రాసుకు ఒక ఆకు, మద్రాసు నుంచి తిరుచ్చికి ఇంకో ఆకు. ఎక్కినచోటల్లా ఒక ఆకు చింపుకునేవారు. మిగతా ఆకులు చేతిలో ఉన్నాయంటే మిగతా దారి పూచీ వాళ్లదేనని అర్థం. చదువు రాని మనిషి కూడా ఆకులు లెక్కపెట్టుకుని ఇంకా ఎన్ని విమానాలు ఎక్కాలో తెలుసుకునేవాడు.

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో ఆఫీసు పని మీద తిరుపతి మీదుగా మద్రాసు దాకా ఆవ్రోలో వెళ్లాను. కాన్పూరులో మనవాళ్లు కట్టిన విమానం, నలభై చిల్లర సీట్లు. తిరుపతి దగ్గర మబ్బు పట్టి దిగడం ఆలస్యమైంది. మద్రాసులో నా తిరుచ్చి విమానం బయల్దేరే వేళ అయిపోతోంది. ఆవ్రో ఆగింది, మెట్లు దిగాను. మెట్ల కిందే తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన చేతిలో కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ‘తిరుచ్చి వెళ్లేవాళ్లు ఎవరండీ’ అని అరిచాడు. ముగ్గురం చేతులెత్తాం. మా పెట్టెలు విమానం పొట్టలోంచి దించి తోపుడు బండి మీద వేయించి, మమ్మల్ని తన వెనకే నడిపించుకుంటూ ఆ ఎండలో, ఆ కిరోసిన్ వాసనలో, అవతల నిలబడ్డ విమానం దాకా తీసుకెళ్లాడు. పెట్టెలు లోపలికి ఎక్కేదాకా ఉండి, మా ఆకులు చింపుకుని, పైలట్‌కు బొటనవేలు చూపించాడు. ఆ తర్వాతే తలుపు మూశారు. లోపల కూర్చున్నవాళ్లు మమ్మల్ని విసుగ్గా చూడలేదు. రేపు వాళ్లకూ అంతే కదా.

అన్నీ బంగారమేనని నేననను. ఆ రోజుల్లో విమాన టికెట్టు మామూలు ఉద్యోగికి నెల జీతంతో సమానం. ఆఫీసు పంపిస్తే తప్ప నాలాంటివాడు ఎక్కేది కాదు. ఒకటే కంపెనీ, వేరే దిక్కు లేదు. సమ్మెలు వచ్చేవి. 1993 జనవరిలో పైలట్ల సమ్మె నడుస్తుంటే ఉజ్బెకిస్తాన్ నుంచి అద్దెకు తెచ్చిన టుపొలెవ్ 154 హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి, పొగమంచులో దిగుతూ తలకిందులై తగలబడింది. లోపలున్న 165 మందీ బతికి బయటపడ్డారు. అదీ ఆ రోజుల్లోదే. 1994లో చట్టం మారి ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరుచుకున్నాయి. కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ 2003లో హైదరాబాద్ నుంచి విజయవాడకు ఏటీఆర్ నడిపింది. అంతకు ముందు వాయుదూత్ తన చిన్న డోర్నియర్లతో రాజమండ్రి లాంటి ఊళ్లకు తిరిగి ఆగిపోయింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద తొలి విమానాలు లేచినప్పుడు కడప నుంచి హైదరాబాద్‌కు వచ్చింది మన హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్ విమానమే. అదీ 2022లో ఆగిపోయింది. మిర్చి అమ్ముకునే రైతు, గల్ఫ్ పోయే కుర్రాడు, మొదటిసారి కూతురి కాన్పుకు వెళ్లే తల్లి, వీళ్లందరూ ఇవాళ విమానం ఎక్కుతున్నారంటే నాకు ఎంతో సంతోషం. వాళ్లను ఎక్కించుకున్నాక వాళ్ల పట్ల బాధ్యత కూడా ఎక్కించుకోవాలి కదా అన్నదే నా తగువు.

మొన్న శ్రావణంలో రాజమండ్రిలో పెళ్లికి వెళ్లాం. అక్కడి నుంచి నేను నేరుగా నాగపూర్‌లో ఉన్న పెద్దమ్మాయి దగ్గరికి వెళ్లాలి. మా అబ్బాయి ఫోన్‌లోనే టికెట్టు తీశాడు. మధురపూడి నుంచి శంషాబాద్, అక్కడ విమానం మారి నాగపూర్. ఒకే కంపెనీ, ఒకే టికెట్టు. పేరు చెప్పను. ఏ కంపెనీ అయినా ఇప్పుడు ఇదే తంతు.

మొదటి విమానం ఏటీఆర్ 72. నాకు ఎంతో ఇష్టమైన విమానం. రెక్క నెత్తి మీద ఉంటుంది కాబట్టి కిటికీలోంచి నేలంతా మనదే. ఆరు రెక్కల ప్రొపెల్లర్, ఎక్కేది వెనక తలుపులోంచి, సామాను ముందు భాగంలో. గాలి పడమర నుంచి ఉంది కాబట్టి శంషాబాద్‌లో తూర్పు నుంచి దిగుతుందని, కుడి పక్క కిటికీ అయితే నాదర్‌గుల్ కనబడుతుందని నాకు తెలుసు. కిటికీ సీటుకు వేరే డబ్బులన్నారు, కట్టాను. కిటికీ కూడా అమ్ముకునే రోజులు వచ్చాయి. అప్పట్లో వాయుదూత్ ఎక్కినవాళ్లను అడగండి, పైలట్ వీపు చూస్తూ ప్రయాణం చేశామంటారు. కాక్‌పిట్ తలుపులకు తాళాలు పడటంలో న్యాయముంది. 1999లో కాందహార్ చూశాం, 2001లో న్యూయార్క్ చూశాం. కిటికీకి వెల కట్టడంలో మాత్రం నాకు ఏ న్యాయమూ కనబడదు.

అనుకున్నట్టే అవుటర్ రింగు రోడ్డు దగ్గరికి వచ్చేసరికి కుడివైపున మా చిన్న రన్‌వే బూడిద రంగు గీతలాగా తేలింది. దాని చుట్టూ ఖాళీ చోటు తగ్గిపోయి, ప్లాట్ల రాళ్లు, అపార్ట్‌మెంట్లు దగ్గరగా వచ్చేశాయి. పక్క సీటు కుర్రాడికి చూపించాను. ‘అక్కడ పైలట్లకు శిక్షణ ఇస్తారు బాబూ’ అన్నాను. ‘అవునా అంకుల్’ అని ఒక క్షణం వంగి చూసి మళ్లీ ఫోన్‌లో మునిగాడు. ఇంజినీరింగు చదువుతున్నాడట. తాను కూర్చున్న విమానం పేరు తెలియదు. ఆ పిల్లాణ్ణి అనను. చూడమని వాడికి ఎవరు చెప్పారు? ఎక్కే ముందు గొట్టంలోంచి నడిపిస్తారు, లేదా బస్సులో కుక్కి మెట్ల దగ్గర దించుతారు. ఫోటో తీయబోతే ‘నడవండి, నడవండి’ అంటారు.

రాజమండ్రిలోనే ఆలస్యంగా లేచిన విమానం ఆలస్యంగానే దిగింది. బస్సు కోసం ఆగాం. బస్సు దింపింది. మారే ప్రయాణికులకు మళ్లీ తనిఖీ. బెల్టు తీయండి, ట్రే తీసుకోండి. రెండు మూడు చోట్ల అడిగితే ఒక్కరూ నోటితో చెప్పలేదు, తెర వైపు వేలు చూపించారు. ఇప్పుడు విమానాశ్రయాల్లో పిలుపులు తగ్గించేశారు, ప్రశాంతత కోసమట. తెర మీద అక్షరాలు నా కళ్లకు అందేలోపు పేజీ మారిపోతోంది. తీరా గేటు దగ్గరికి చేరేసరికి బోర్డింగ్ ముగిసిందన్నారు. బయల్దేరే వేళకు ఇంకా నిమిషాలున్నాయి. అద్దంలోంచి నాగపూర్ విమానం నా కళ్లెదుటే ఉంది. తలుపు మూసి ఉంది, గొట్టం ఇంకా వెనక్కి జరగలేదు.

‘అమ్మా, నేను మీ విమానంలోనే వచ్చాను. ఆలస్యం మీది’ అన్నాను.

‘గేట్ క్లోజ్ అయింది సార్. యాప్‌లో ఆప్షన్స్ వస్తాయి, చూసుకోండి.’

యాప్ మా అబ్బాయి ఫోన్‌లో ఉంది. మా అబ్బాయి రాజమండ్రిలో ఉన్నాడు. చాలాసేపు కౌంటర్ల చుట్టూ తిరిగితే, మర్నాడు పొద్దుటి విమానంలో సీటు ఇచ్చారు. బస సంగతి అడిగాను. ఆ అమ్మాయి నా చిరునామా చూసి, ‘మీరు లోకలే కదా సార్, ఇంటికెళ్లి పొద్దున వచ్చేయండి’ అంది. పెట్టె మాత్రం ఇవ్వలేదు. దాని మీద నాగపూర్ చీటీ ఉందట. బీపీ మాత్రలు అందులో ఉన్నాయి. తుక్కుగూడ మీదుగా కారు కట్టించుకుని, దారిలో మాత్రలు కొనుక్కుని ఇల్లు చేరాను. కట్టిన డబ్బు నాగపూర్‌కు, చేరింది నాదర్‌గుల్‌కు.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమెకు అంతకంటే అధికారం ఎవరూ ఇవ్వలేదు. విమానం ఎందుకు ఆగదో కూడా నాకు తెలుసు. ఇప్పుడు ఒక్కో విమానం పొద్దుట్నుంచి రాత్రి దాకా ఊరి మీద ఊరు తిరుగుతుంది. దిగిన అరగంటకే మళ్లీ లేవాలి. ఒకచోట పావుగంట ఆగితే ఆ పావుగంట పెరుగుతూ చివరి ఊరికి గంటవుతుంది. పైలట్ల డ్యూటీ గంటలకు హద్దు ఉంది, ఉండాలి కూడా. అందరి కోసం అన్నీ ఆపమని నేను అడగడం లేదు. కానీ మా ఏటీఆర్ చక్రాలు నేలను తాకకముందే కంపెనీ కంప్యూటర్‌కు తెలుసు, ఇందులో నాగపూర్ వెళ్లే ముసలాయన ఒకడున్నాడని. మద్రాసులో ఆ తెల్ల చొక్కా ఆయన దగ్గర కంప్యూటర్ లేదు. కాగితం ముక్క ఉంది. తెలియడం ఇప్పుడు ఎక్కువైంది, ఆ తెలిసినదాన్ని పట్టుకుని మెట్ల కింద నిలబడే మనిషి లేడు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. ఒకే టికెట్టు నంబరు మీద ఉన్న కనెక్టింగ్ విమానం తప్పిపోతే పరిహారం ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, రాసిపెట్టింది. వాతావరణం లాంటి కారణాలకు మినహాయింపు ఉంది. ఆలస్యమైతే తిండి, నీళ్లు ఇవ్వాలనీ ఉంది. వేర్వేరు టికెట్ల మీద కొనుక్కున్నవారికి కనెక్షన్ రక్షణ వర్తించదు. నాలుగు వందలు కలిసొస్తాయని పిల్లలు విడివిడిగా టికెట్లు తీసి పెద్దవాళ్లను పంపిస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మధ్యలో పెట్టె తీసుకుని బయటికి వచ్చి, మళ్లీ వరసలో నిలబడి, అది తప్పితే కొత్త టికెట్టు కొనుక్కోవాల్సింది వాళ్లే. మా రోజుల్లో ఈ నిబంధనలు మాకు తెలియవు. తెలియాల్సిన అవసరం రాలేదు.

రెండో తగువు చూడటం గురించి. బేగంపేటలో విజిటర్ల టికెట్టు కొనుక్కుంటే ప్రయాణం లేనివాళ్లూ లోపలికి వెళ్లేవారు. మలక్‌పేట నుంచి నాన్న నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. కంచె దగ్గర నిలబడితే వైకౌంట్ నాలుగు ఇంజన్లూ ఒకదాని తర్వాత ఒకటి తిరగడం మొదలయ్యేది. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు మారాయి. గొప్ప విమానాశ్రయమే, 4,260 మీటర్ల రన్‌వే. కానీ టికెట్టు లేనివాడు అద్దం బయటే. రెండేళ్లకోసారి బేగంపేటలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరిగితే జనం ఎగబడతారు. 2024లో ఎయిరిండియా ఎయిర్‌బస్ ఎ350ను, బోయింగ్ 777ఎక్స్‌ను చూడటానికి పిల్లలను భుజాన ఎత్తుకుని వచ్చారు. చూడాలన్న కోరిక జనంలో చావలేదు. చూపించేవాళ్లే కరువయ్యారు.

మా ఇంటికి కాస్త దూరంలో ఆదిబట్ల ఉంది. అపాచీ హెలికాప్టర్ల దేహాలు, సీ 130 జే రవాణా విమానాల తోకలు అక్కడి టాటా కర్మాగారాల్లో తయారై దేశాలు దాటి వెళ్తున్నాయి. ఇంకోపక్క నాదర్‌గుల్‌లో పైలట్లు తయారవుతున్నారు. మధ్యలో శంషాబాద్‌లో దిగే దారి. ఇలాంటి చోట పుట్టి పెరిగే పిల్లలకు విమానం అంటే ఫోన్‌లో ఆట. రన్‌వే ప్రహరీ దగ్గర నలుగురు పిల్లలు గుమిగూడితే ‘పొండి, పొండి’ అని తరుముతారు. భద్రత కావాలి, కాదనను. టోక్యో హనెదా విమానాశ్రయంలో భద్రత లేదా? అక్కడ టెర్మినల్ పైన జనం కోసమే వేదికలు కట్టారు. తాతలు మనవళ్లను తీసుకొచ్చి నిలబడి చూస్తారు. రెండు కలిపి చేయొచ్చని వాళ్లు చేసి చూపించారు.

అడుగుతున్నవి చిన్నవే. ఆలస్యంగా వచ్చిన విమానం తలుపు దగ్గర, మారాల్సినవాళ్ల పేర్లు పట్టుకుని ఒక మనిషిని నిలబెట్టండి. వాళ్లను తనిఖీ దగ్గర ముందుకు పంపండి. గేటు మూసే ముందు ఒక్కసారి పేరు పెట్టి గట్టిగా పిలవండి, తెలుగులో కూడా పిలవండి. తప్పిపోతే, లోకలైనా కాకపోయినా, పెట్టె చేతికిచ్చి చేయాల్సింది చేయండి. శంషాబాద్‌లో జనం నిలబడి చూసే మేడ ఒకటి కట్టండి, టికెట్టు పెట్టినా సరే, కొనుక్కుని వస్తాం. నాదర్‌గుల్‌లో కంచె ఇవతల నాలుగు బల్లలు వేసి, ఆదివారం పూట బడిపిల్లలను రానివ్వండి. కంప్యూటర్లు, అద్దాల మేడలు లేని కాలంలో, చేతిరాత టికెట్లతో, కాగితం ముక్కలతో మనవాళ్లు ఇవన్నీ చేశారు. ఇన్ని వసతులున్న ఇప్పుడు కుదరదంటే మాత్రం నేను ఒప్పుకోను.